మూడు చోట్ల ఒకే గొంతు

ఎండ వాలాక ఫోను చేస్తానన్నాడు హరిబాబు. ఎండకేమో వాలే ఉద్దేశం ఉన్నట్టు లేదు. అరుణశ్రీ లోపలి గదిలో చాప మీద కూర్చుని, ఎదురుగా ట్రంకుపెట్టె మీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, తెర మీద ఏమీ లేకపోయినా దాని వంకే చూస్తోంది, పొయ్యి మీద పాలు పెట్టి చూసినట్టు. చూస్తున్నంతసేపూ పాలు పొంగవని తెలుసు, అయినా చూపు తిప్పదు. ఇవి వేట నిషేధం రోజులు. భావనపాడు ఒడ్డున బోట్లన్నీ ఇసుకెక్కి కూర్చున్నాయి. మగాళ్లకి పని లేదు, మగాళ్లు ఇంట్లో ఉన్నందుకు ఆడాళ్లకి రెట్టింపు పని. వరండాలో మావ ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు; ఆయన వల లాగినప్పుడల్లా దాని అంచునున్న సీసపు గుళ్లు గచ్చు మీద గలగలమంటున్నాయి. పెరట్లో అత్త తాతమ్మ ఎండేసిన నెత్తళ్ల చేపల్ని తిరగేస్తూ కాకుల్ని వాటి తాతముత్తాతలతో సహా తిడుతోంది. ఆ గలగలకీ ఈ తిట్లకీ మధ్య అరుణశ్రీది ఒకటే ఆలోచన. ఇవాళ అడగాలి. ఇవాళ అడక్కపోతే ఇంక అడిగి లాభం లేదు.

రేపు పొద్దున్న, అక్కడ గుజరాత్‌లో, వేరావల్ రేవులో, బోటు యజమాని తన మనుషులందర్నీ కూర్చోబెట్టి టీ ఇప్పించి, వచ్చే ఏడాదికి ఎవరెవరు ఉంటారో మాట తీసుకుంటాడు. దానికి కాగితమూ ఉండదు, సంతకమూ ఉండదు. ఉంటానన్నవాడు ఉండాలి, అంతే. ఉంటానని మానేసినవాడి ఊరి నుంచి మళ్లీ మనిషిని తీసుకోరు, అందుకని ఊరే వాణ్ణి మాననివ్వదు. హరిబాబుకి ఈసారి చక్రం చేతికిస్తామన్నారట. బోటు నడిపేవాడవుతాడు. చక్రం పట్టేవాడు వానాకాలంలో కూడా ఇంటికి రాడు, బోటు పక్కనే ఉండి మరమ్మతు చేయించుకోవాలి. అంటే రేపు వాడు తలూపితే ఈ వానలకి రాడు, మళ్లీ వానల దాకా రాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం వెళ్లక్కర్లేదు, ఒక్క టీ గ్లాసు దాటితే చాలు, ఒక ఆడదాని ఏడాది కొట్టుకుపోతుంది. ఎల్లాజీ మాత్రం అప్పుడే ఊరంతా చెప్పేసుకున్నాడు. నా కొడుకు చక్రం పడతన్నాడ్రా అని టీ దుకాణంలో చెప్పాడు, ఐసు ఫ్యాక్టరీలో చెప్పాడు, వినడానికి ఎవరూ లేనప్పుడు వలకి కూడా చెప్పి ఉంటాడు.

అందుకే నిన్న మెసేజ్ పెట్టింది. ‘బావా, రేపు అందరూ మాటాడీసినాక ఫోను పెట్టీకు. నీతో నానొక్కదాన్నే మాటాడాల.’ చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ‘సరే’ అని వచ్చింది. ఆ రెండక్షరాల్నీ ఎన్నిసార్లు చూసుకుందో. అయినా పెళ్లాం మొగుడితో ఒంటరిగా మాట్లాడ్డానికి ముందుగా అర్జీ పెట్టుకోవాల్సి రావడమేమిటని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్లు ఈ వాడలో ఒక్క సాయంత్రం కూర్చోవాలి. ఈ వాడలో ఫోనంటే ఒకరిది కాదు. ఆ బోటు మీద ఉన్నవాళ్లంతా ఈ రెండు వీధులవాళ్లే. బోటు రేవుకి చేరగానే హరిబాబు ఫోన్ చేస్తే, ఆ ఫోను అందరి ఫోను. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరి చెయ్యి తెగింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, అన్నీ వాడే చెప్పాలి. ఆ కబురు కోసం ఆడాళ్లు ముక్కుపొడి డబ్బాలతో సహా వచ్చి వరండా ముందు ఇసుకలో కూర్చుంటారు. మొదట్లో ఫోను లౌడ్‌స్పీకర్లో పెట్టి చేత్తో పైకెత్తి పట్టుకునేది అరుణశ్రీ, హారతి పట్టినట్టు. చెయ్యి లాగేసేది. చివర్లో ఎవరో దయ తలిచి “పెల్లాంతో కూడా మాటాడ్రా” అనేవారు. వాడు “తిన్నావా” అనేవాడు. ఆమె “తినీసినాను” అనేది. వీధంతా నవ్వేది. అయిపోయేది.

లాప్‌టాప్ వచ్చాక ఆ చేతి బాధ తప్పింది. అది సెకండ్‌హ్యాండ్‌ది, టెక్కలిలో జిరాక్సు షాపువాళ్ల టైపు పని ఇంటికి తెచ్చుకుని చేస్తానని తెచ్చుకుంది. తెచ్చిన రోజే మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో ఆడి మొకం పెద్దగా కనబడతాదా?” అన్నాడు. కనబడుతుందంటే ఇంక పనిలేని మనిషికి అదే పని. గంగమ్మ పండక్కి పాటలు వేసే నల్ల డబ్బా స్పీకరు మూలన పడి ఉంటే దుమ్ము దులిపి వరండాలో స్టూలెక్కించాడు. లాప్‌టాప్‌కి ఇయర్‌ఫోను కన్నం ముందే పాడైపోయి ఉంది, అందుకని అరుణశ్రీ వేలెడంత యూఎస్‌బీ ముక్క ఒకటి కొని, దానికి తీగ తగిలించి, గుమ్మం కింద నుంచి వరండాలోకి లాగింది. బాగానే ఉంది. అప్పుడు అత్త అలిగింది. తాతమ్మకి వినికిడి తక్కువ. డబ్బాలో వాడి మాట గాలికి చెదిరిపోయి ఆమె దాకా వచ్చేసరికి సముద్రం హోరులో కలిసిపోతుంది. కోడలు పెరట్లో గొణిగితే మాత్రం వినిపిస్తుంది, అది వేరే సంగతి. తల్లి కోసం హరిబాబు అక్కడి నుంచి తలకి పెట్టుకునే హెడ్‌ఫోను పంపాడు, తీగలేనిది. అది కలిపితే డబ్బా మూగబోయింది. డబ్బా కలిపితే హెడ్‌ఫోను మూగబోయింది. మొగుడూ పెళ్లాల్లో ఒకరు వింటే ఒకరు వినకూడదన్నట్టు, ఆ యంత్రానికి వీళ్ల కాపురం సంగతి ముందే తెలిసినట్టు. ఒక సాయంత్రమంతా ఆ తగువే. “కన్నది నాను” అని ఈమె, “సముద్రం నేర్పినోడ్ని నాను” అని ఆయన. అవతల హరిబాబు పాపం, “ఇనబడతందా? ఇనబడతందా?” అనుకుంటూ ఉండిపోయాడు.

ఆ తగువు తీర్చడానికే అరుణశ్రీ నేర్చుకుంది. యూట్యూబులో ఎవరో హిందీలో చెబుతుంటే, సగం హిందీ సగం ఊహతో. చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది, వేసుకుంటే కంప్యూటర్‌లోంచి వచ్చే శబ్దాన్ని ఒకేసారి ఎన్నింటికి కావాలంటే అన్నింటికి పంపుతుంది. తెర మీద వరసగా పేర్లుంటాయి, ఎదురుగా టిక్కు పెట్టుకోవడమే. డబ్బాకో టిక్కు, అత్త హెడ్‌ఫోనుకో టిక్కు, లాప్‌టాప్ నోటికో టిక్కు. చివరికి తనకి కూడా ఒకటి పెట్టుకుంది, చెవిలో దూర్చుకునే చిన్న చిన్న ఇయర్‌బడ్సు. పెట్టుకోవడానికి సాకు, ‘మాట సరిగ్గా వస్తందో లేదో సూడాల కదత్తా’ అని. అంత కష్టపడినా చిన్న తేడా మిగిలిపోయింది. తీగ ఉన్న డబ్బాలో మాట ముందొస్తుంది, తీగలేని వాటిలో ఒక్క రెప్పపాటు వెనకొస్తుంది. ఎంత ప్రయత్నించినా ఆ రెప్పపాటు పోలేదు. దాంతో హరిబాబు ఏదైనా హాస్యమాడితే ముందు వీధి నవ్వుతుంది, వీధి నవ్వాక తాతమ్మ ఒక్కతీ నవ్వుతుంది. ఆ వెనకబడ్డ నవ్వు చూసి వీధి మళ్లీ నవ్వుతుంది. ఆవిడ మాత్రం తన కొడుకు తనకే విడిగా చెప్పాడనుకుంటుంది. అనుకోనీ, పోయేదేముంది.

గలగల. మావ ఇంకో బార వల లాగాడు. వల చిరగని ఏడాది లేదు, మావ కుట్టని వేసవి లేదు. అమ్మ గుర్తొచ్చింది అరుణశ్రీకి. ఎండుచేపల గంప దించి కోటబొమ్మాళి సంతలో కూర్చునేది అమ్మ, పక్కన తను, స్కూలు బట్టల్లో. రైతుల ఆడాళ్లు వచ్చి కవళ్లు వాసన చూసి, ముక్కు చిట్లించి, బేరమాడి, కొనుక్కుపోయేవారు. ముక్కు చిట్లించినవాళ్లే ఎక్కువ కొంటారే అనేది అమ్మ. సంతలో అన్ని గొంతుల్లోనూ అమ్మ గొంతు ఎక్కడున్నా పట్టుకునేది తను. పెళ్లయ్యాక హరిబాబు గొంతు కూడా అలా పట్టుకోగలననుకుంది. బావే కదా, చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడే, మేనమావ కొడుకు. కాని ఇయర్‌బడ్సు పెట్టుకున్న మొదటి రోజు తెలిసింది తను వాణ్ణి ఇంతకాలం వినలేదని. డబ్బాలో వాడి గొంతు గలగలా పారుతుంది, ఎల్లాజీ కొడుకు గొంతు, ఏ బెంగా లేని మనిషి గొంతు. అదే మాట చెవిలోకి వస్తే, మాటకీ మాటకీ మధ్య ఇంకేదో ఉంది. ఈమధ్యైతే ఊపిరి లోపలికి తీసుకుని, అక్కడ ఆగిపోయి, తర్వాత ‘బాగున్నాను’ అంటున్నాడు. బాగున్నవాడికి ఆ మాట అనడానికి అంత ఊపిరి ఎందుకు?

అది చలికాలంలో మొదలైంది. చలికాలంలోనే కదా త్రినాథ్ పోయింది. పొరుగూరివాడు, వాళ్ల బోటు మీదే ఉండేవాడు, గాలివానలో జారిపడ్డాడన్నారు. డబ్బాలో ఆ కబురు చెప్పింది హరిబాబే. ‘త్రినాథ్ పడిపోనాడు. ఎతికినాం. దొరకలేదు.’ మూడు ముక్కల్లో చెప్పాడు. వీధంతా ఏడ్చింది, చచ్చినవాడి కోసం ఏడ్చింది. పక్కన బతికి ఉన్నవాడి సంగతి ఎవరికీ తట్టలేదు. ‘సముద్రంలోకి ఎల్లినోడికి బయ్యం కూడదు, బయపడ్డోడ్నే అది ముందు సూస్తాది’ అన్నాడు మావ ఆ రోజు, కొడుక్కి వినబడేలా. అటు నుంచి ‘అవును నాయినా’ అని వచ్చింది, డబ్బాలో గట్టిగానే వచ్చింది. అరుణశ్రీ చెవిలో మాత్రం సరిగ్గా రాలేదు. అప్పట్నుంచీ ఆమెకి అనుమానం. అనుమానం పెనుభూతమంటారు, నిజమే, కాని ఆ భూతాన్ని వీధి మధ్యలో నిలబెట్టి పేరడగడం ఎలా? వాడు చెప్పడు. అంతమంది ముందు ఏ మగాడు చెబుతాడు? ఒక్కసారి, ఒక్క చెవిలో, ఎవరూ వినకుండా అడిగితే చెబుతాడు. తను కోరుకుంటున్నది వాడు మనసులో ఉన్నది చెప్పాలనా, వాడు రావాలనా? రెండూ ఒకటేనా? చాప గరుకు కాలికి గుచ్చుకుంటోంది. వాడు రావాలి. అంతే. గొంతుతో కాపురం చేసి విసుగెత్తింది. మనిషి కావాలి. వంటింట్లో అడ్డం తిరిగే మనిషి, తడిసిన లుంగీ తలుపు మీద ఆరేసి తిట్లు తినే మనిషి.

లాప్‌టాప్ మోగింది. మోత ముందు వరండాలో, తర్వాత చెవిలో. వీధి కదిలింది. పెరట్లోంచి తాతమ్మ చేపల చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, హెడ్‌ఫోను కిరీటంలా పెట్టుకుని కోడలి పక్కన కూలబడింది. తెర మీద హరిబాబు, నల్లబడి, గడ్డంతో, వెనకాల రేవులో జెండాలు.

“అమ్మా, తినీసినావా?”

“నాను తింటానురా, నువ్వు సిక్కిపోనావు!” అని అరిచింది తాతమ్మ. హెడ్‌ఫోను పెట్టుకున్నవాళ్లందరిలాగే ఎదుటివాళ్లకి కూడా వినబడదనుకుంటుంది.

తర్వాత ఎప్పటిలాగే. గంగులు బాగున్నాడు, ఆల్లమ్మకి సెప్పండి. ఇంకొకడికి పన్ను నొప్పి. వరండాలోంచి లక్ష్మణమ్మ తన కొడుకు అన్నం వండుకుంటున్నాడో లేదో అడిగింది. చివర్లో ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు, “రేపేనేట్రా?” అన్నాడు. “రేపే నాయినా” అన్నాడు హరిబాబు. “గట్టిగా సెప్పు ఆల్లకి, తడబడకు. ఎల్లాజీ కొడుకునని సెప్పు.” వీధి మెచ్చుకోలుగా గొణిగింది. ఇసుక దులుపుకుంటూ లేచారు. సంధ్య వేళయింది, పొయ్యిలు పిలుస్తున్నాయి. తాతమ్మ హెడ్‌ఫోను తీసి కోడలి ఒళ్లో పెట్టి, కాకులేం చేశాయో చూడ్డానికి పరుగెత్తింది.

అరుణశ్రీ తలుపు దగ్గరగా వేసింది, గుమ్మం తెర లాగింది. టిక్కులు తీయాలి. అత్త హెడ్‌ఫోను తీసేసింది. ‘స్పీకర్స్’ అని ఉన్నదాని మీద టిక్కు తీసింది. లాప్‌టాప్ నోరు మూతపడింది. ఎదురుగా ఉన్న యంత్రంలో చప్పుడు లేదు, ఇంక చెవిలో తప్ప ఎక్కడా లేదు. తలుపవతల వల గలగలమంటోంది.

“బావా.”

“ఊఁ.” చెవిలో, ఇంత దగ్గరగా.

“అందరూ ఎల్లిపోనారు. మావ వల కుడతన్నాడు, ఆయనకి ఇనబడదు. నా సెవుల్లోనే ఉన్నావు.”

వాడు చిన్నగా నవ్వాడు, చాలాకాలం తర్వాత విన్న నవ్వు. “సెప్పు మరి.”

“నాను సెప్పడం కాదు. నువ్వే సెప్పు. రేపు మాటిస్తావా?”

“ఇవ్వాల కదా. నాయిన ఊరంతా సెప్పీసుకున్నాడు.”

“నాయిన సంగతి అడగనేదు. నీ సంగతేటి?”

ఊపిరి. ఆ ఊపిరే. తెర మీద వాడు తల వంచుకున్నాడు, నెత్తి మాత్రం కనిపిస్తోంది. తీసుకున్న ఊపిరి ఈసారి ఆగలేదు.

“అరుణా, నాకు బయ్యమేస్తందే.”

ఇంతసేపూ వల గలగలలో కలిసిపోయి తెలియలేదు; బయ్యమనే మాట మాత్రం ముందు తలుపవతల వినబడింది. తర్వాత ఆమె చెవిలో.

ఒక్క రెప్పపాటు. అంతే. ఆ రెప్పపాటులో ఆమెకి అంతా తెలిసిపోయింది. రెండు ‘స్పీకర్స్’ ఉన్నాయి వరసలో, ఒకటి లాప్‌టాప్‌ది, ఒకటి యూఎస్‌బీ ముక్కది, రెంటికీ అదే పేరు, పైది తీసింది, కిందది ఉండిపోయింది. డబ్బా పలుకుతోంది. వరండాలో మావ ఉన్నాడు. సీసపు గుళ్లు గలగలమనడం లేదు. ఆమె వేలు అప్పుడే కింది టిక్కు మీదికి వెళ్లిపోయింది, దానంతటది వెళ్లింది. ఒక్క నొక్కు. నొక్కితే మావ విన్నది ఒక్క మాటే అవుతుంది, పొరపాటుగా విన్నాననుకుంటాడు. నొక్కాలి. ఇది మొగుడూ పెళ్లాల మాట. నిన్ను నమ్మి చెబుతున్నాడు, వీధిలో చెప్పుకోలేకే నీకు చెబుతున్నాడు. నొక్కు. మావకి తెలిస్తే ఏమవుతుంది? రేపు వాడు తడబడితే ఏమవుతుంది? నొక్కకపోతే వాడు ఎప్పటికీ ఈ మాట ఆయనతో అనడు. ఆయన ఎప్పటికీ అడగడు. తను చెబితే మొగుణ్ణి కొంగుకి కట్టుకోవాలని కోడలు అల్లిన కథ అంటారు. గొంతు ఆయన కొడుకుదే అయినప్పుడు ఎవరేమంటారు? పాపం, బావా, నన్ను క్షమించు. ఆమె వేలు తీసేసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

“సరిగ్గా ఇనబళ్లేదు బావా,” అంది. పుట్టాక ఇంత స్పష్టంగా ఏ మాటా ఆమెకి వినబడలేదు. “ఇంకోపాలి సెప్పు.”

“బయ్యమేస్తందన్నాను,” అన్నాడు వాడు, ఇంకాస్త గట్టిగా, ముందు వరండాలో, తర్వాత ఆమెలో. “త్రినాథ్ జారిపడలేదే. ఆడి సెయ్యి నా సేతిలో ఉన్నాది. పట్టుకున్నాను. ఇలగ పట్టుకున్నాను. తడికి జారిపోనాది. అప్పట్నుంచి రాత్రులు కన్ను మూతపడదు. బోటు ఊగితే సేతులు వణుకుతన్నాయి. ఈ సేతుల్లో చక్రం పెడతామంటన్నారు, అంతమంది పేనాలు పెడతామంటన్నారు. వొద్దని ఎలగ సెప్పను? ఎల్లాజీ కొడుకు సముద్రానికి బయపడ్డాడంటే నాయిన బజార్లో తలెత్తుకోగలడేటి? ఆయనకి మాత్రం సెప్పకే. నీకు దండం పెడతాను, నాయినకి సెప్పకు.”

‘సెప్పకు’ అన్న మాట వరండాలోంచి రాలేదు. ఒక్క చెవిలోనే వచ్చింది. టప్పుమని ప్లగ్గు లాగిన చప్పుడు మాత్రం బయట నుంచి వచ్చింది. తర్వాత వల మీద నుంచి లేస్తున్న ఎముకల చప్పుడు, అడుగులు, తలుపు దగ్గర ఆగడం. కోడలి గదిలోకి ఎల్లాజీ ఎన్నడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. అరుణశ్రీకి ఏడుపొస్తోంది, భయంతోనో, సిగ్గుతోనో, వాడి చేతులు తలచుకునో తెలియదు.

“అమ్మీ,” అన్నాడు ఆయన తలుపవతల నుంచి, గుజరాత్ దాకా వినబడాలన్నట్టు. “ఈ డబ్బా పాడైపోనాది. ఇందాకట్నుంచి గుర్రుమంటన్నాది. ఒక్క ముక్క ఇనబళ్లేదు నాకు.”

“అలాగా మావా,” అంది.

“ఆడు లైన్లో ఉన్నాడేటి?”

“ఉన్నాడు మావా.”

ఆయన గొంతు సవరించుకున్నాడు, ఒకసారి, రెండోసారి. ఈసారి ఆ గొంతు టీ దుకాణంలో వినిపించే గొంతు కాదు.

“ఆడికి సెప్పు. రేపు మాటా గీటా ఇవ్వొద్దను. నాకు కల్లు ఆనట్లేదు. వల కన్నం కూడా కనబడట్లేదు. ముసిలోడ్ని, ఒక్కడ్నీ సేసుకోలేకపోతన్నాను. ఆల్లడిగితే నాయిన రమ్మన్నాడని సెప్పమను. ఊర్లో అడిగితే నాను సెప్పుకుంటాను.”

ఇవాళ పొద్దున్నే, సముద్రం చివర గీతలా పోతున్న ఓడని చూసి, దాని గొట్టం ఏ రంగో చెప్పిన మనిషి. అడుగులు వరండా వైపు వెళ్లిపోయాయి.

“ఏటే, నాయినేనా?” అన్నాడు హరిబాబు, గాభరాగా. “ఏటంటన్నాడు?”

అరుణశ్రీ కళ్లు తుడుచుకుంది. “కల్లు ఆనట్లేదంట బావా. వల కుట్టుకోలేకపోతన్నాడంట. రేపు మాటివ్వకుండా నిన్ను వచ్చీమంటన్నాడు.”

రేవులో ఎవరో వాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నా తిరిగి చూడలేదు. చేత్తో మొహం రుద్దుకున్నాడు, చాలాసేపు.

“కల్లద్దాలు తెస్తానని సెప్పు,” అన్నాడు.